గాజు పళ్లెంలో పెరిగిన రెటీనా
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)

యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోగానే మనకు మందులు గుర్తుకొస్తాయి: ఫోలిక్ ఆమ్లం, ఫైలేరియాకు హెట్రజాన్, ల్యుకేమియా సోకిన పిల్లలకు అమినోప్టెరిన్. వీటన్నిటికంటే ముందు ఆయన చేసిన పని ఒకటుంది, దాన్ని మనం అంతగా చెప్పుకోం. 1925లో, హార్వర్డ్‌లో ఉండగా, సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోనూ కణజాలంలోనూ భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని రూపొందించారు. ఆ కొలత చేతికొచ్చాకే కండరానికి శక్తినందించే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ బయటపడ్డాయి. అమినోప్టెరిన్ సంగతీ అలాంటిదే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లం కోవకు చెందిన పదార్థాలు ఇచ్చినప్పుడు వ్యాధి తగ్గలేదు సరికదా, ముదిరింది. ఎందుకు ముదిరిందని ఆలోచించబట్టే, ఆ ఆమ్లానికి అడ్డుపడే పదార్థం కావాలన్న ఊహ పుట్టింది. సుబ్బారావు గారి బృందం అలాంటి పదార్థాన్ని తయారుచేసి ఇచ్చింది. దానితో కొందరు పిల్లల్లో వ్యాధి, కొంతకాలమైనా సరే, వెనక్కి తగ్గిందని 1948లో ఫార్బర్ ప్రకటించారు. జబ్బు లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడాన్ని వైద్యంలో భాగంగానే చూసిన మనిషి సుబ్బారావు. అందుకే ఆయన పేరు మీద జరుగుతున్న ఈ సభలో ఈ విషయాన్ని ఎంచుకున్నాను.

వంశపారంపర్యంగా వచ్చే రెటీనా వ్యాధుల్లో మూలకణాలు ఏం చేయగలవన్నది నేటి ప్రసంగ విషయం. మూలకణం అనగానే ఎవరైనా అడిగేది ఒకటే: కంట్లో పెడితే చూపొస్తుందా? అడగవలసిన ప్రశ్నే, అందులో తప్పులేదు. కానీ ఇప్పటివరకు ఉన్న ఆధారాలను చూస్తే, ఈ వ్యాధుల విషయంలో మూలకణాలు చేసిన పెద్ద మేలు కంటి బయట జరిగిందని నా అభిప్రాయం. రోగి కణాల నుంచే ప్రయోగశాలలో పెంచిన రెటీనా, ఆ వ్యాధి ఎక్కడ ఎలా మొదలవుతుందో చూపిస్తోంది. మందును మనిషి మీద ప్రయోగించకముందే పరీక్షించి చూసే వీలు కల్పిస్తోంది. కణాలను కంట్లో నాటే చికిత్స కూడా ఈ దారిగుండానే రావాలి. తెలుగు ప్రాంతాలు తమ డబ్బూ ఓపికా ముందుగా ఈ పని మీద పెట్టాలన్నదే నా వాదన.

ముందు వ్యాధి గురించి. ఈ జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది రెటినైటిస్ పిగ్మెంటోసా. చాలామందిలో రేచీకటితో మొదలవుతుంది. మసక వెలుతురులో చూపునిచ్చే దండ కణాలు ముందు చచ్చిపోతాయి. పక్క చూపు క్రమంగా మూసుకుపోతుంది. చివరికి పగటి చూపునిచ్చి రంగులను చూపించే శంకు కణాలు కూడా పోతాయి. ప్రపంచం మొత్తం మీద దాదాపు నాలుగు వేల మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. దక్షిణ భారతంలో జరిగిన సర్వేల్లో అంతకంటే ఎక్కువగా కనిపించింది. మేనరికాలు ఇందుకు ఒక ముఖ్య కారణం. రేచీకటి అంటే విటమిన్ ‘ఏ’ లోపమేనన్నది మన దగ్గర పాతుకుపోయిన భావన. పోషకాహార లోపం వల్ల వచ్చే రేచీకటికి అది నిజమే, ఆ విటమిన్ చుక్కలు ఎందరో పిల్లలను కాపాడాయి కూడా. అయితే జన్యులోపం వల్ల వచ్చినదాన్ని ఆ చుక్కలు నయం చేయలేవు. లోపం ఉండగల జన్యువులు ఒకటీ రెండూ కావు. రెటీనా వ్యాధులన్నీ కలిపి చూస్తే రెండు వందల యాభై పైచిలుకు జన్యువులు ఇప్పటికే తెలిశాయి. బయటికి ఒకటే జబ్బులా కనిపించేదాని వెనక ఇన్ని వేరువేరు జబ్బులున్నాయి. ఈ మాటకు మళ్లీ వస్తాను.

కాలేయానికి జబ్బు చేస్తే చిన్న ముక్క తీసి చూస్తారు. రెటీనాలో ఆ వీలు లేదు. తీసిన మేరకు చూపు పోతుంది, అది తిరిగి పెరగదు. చేపల్లో దెబ్బతిన్న రెటీనా మళ్లీ పుడుతుంది, మనిషిలో పుట్టదు. అందువల్ల శాస్త్రజ్ఞులు చాలాకాలం ఎలుకల మీద ఆధారపడ్డారు. ఎలుక రాత్రి తిరిగే జంతువు, దాని కంట్లో మనకున్నట్టు నిశితమైన చూపునిచ్చే మాక్యులా ఉండదు. పుట్టు చెవుడుతో పాటు క్రమంగా చూపూ పోయే అషర్ వ్యాధి మొదటి రకాన్నే తీసుకోండి. ఆ జన్యులోపాలున్న ఎలుకలు చెవిటివవుతాయి కానీ, వాటి రెటీనా మనుషుల్లోలాగా పాడవదు. అలాంటి ఎలుకను చూసి మనిషి కన్ను ఎందుకు పోతోందో ఎలా చెప్పగలం? ఈ చిక్కుకు పరిష్కారం జపాన్ నుంచి వచ్చింది. 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి కణాలతో షిన్యా యమనాక చూపించినదేమిటంటే, ఎదిగిన చర్మకణంలో నాలుగే నాలుగు జన్యువులను పనిచేయిస్తే అది తన ఎదుగుదలను మరచి, శరీరంలోని ఏ కణంగానైనా మారగల స్థితికి వెళ్లిపోతుంది. దీన్నే ప్రేరిత బహుశక్త మూలకణం అంటున్నాం. పిండాలతో పని లేదు. కాస్త రక్తమో చర్మమో చాలు. 2012లో జాన్ గర్డన్‌తో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఇక కోబెలోని రైకెన్ సంస్థలో యోషికి ససాయ్ 2011లో ఎలుక మూలకణాలు, 2012లో మానవ మూలకణాలు తమంతట తామే ముడుచుకుని, పిండంలో కన్ను ఏర్పడే తొలిదశలో కనిపించే గిన్నె ఆకారంలోకి రావడం చూపించారు. ఫలానాచోట మడత పడమని వాటికి ఎవరూ చెప్పలేదు. జీవశాస్త్రంలో నాకు తెలిసిన అత్యంత ఆశ్చర్యకరమైన దృశ్యాల్లో అదొకటి. ఆ దారిలో నడిచి ఇవాళ ప్రయోగశాలలు పెంచుతున్న చిన్న రెటీనా ముద్దలను ఆర్గనాయిడ్లు అంటారు. వాటిలో పొరలుంటాయి, దండ కణాలూ శంకు కణాలూ ఉంటాయి. వెలుతురుకు స్పందించగల కణాలు అందులో ఏర్పడతాయని 2014లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చూపారు. పిండంలో కన్ను ఎంత నెమ్మదిగా ఎదుగుతుందో, పళ్లెంలోనూ అంతే నెమ్మది. ఆ కణాలు ఒక తీరుకు రావడానికి ఆరేడు నెలలు పడుతుంది.

ఇది వింత చూపడానికి పనికొచ్చేదా, విచారణకు పనికొచ్చేదా అన్నది తేల్చడానికి ఒక ఉదాహరణను కాస్త వివరంగా చూద్దాం. పుట్టుకతోనో, పసితనంలోనో చూపు పోయే లెబర్ జబ్బు ఒకటుంది. యూరప్ సంతతి పిల్లల్లో దానికి తరచుగా కారణమయ్యేది సీఈపీ290 అనే జన్యువులోని ఒకే ఒక్క అక్షరం మార్పు. ఆ మార్పు జన్యువులో ప్రొటీన్‌కు సంబంధించిన భాగంలో లేదు. కణం కత్తిరించి పారేసే భాగంలో ఉంది. అక్షరం మారడంతో కణం పొరబడి, పారేయవలసిన ముక్కను సందేశంలో అతికిస్తుంది, ప్రొటీన్ మధ్యలో తెగిపోతుంది. ఇక్కడే పెద్ద ప్రశ్న. ఈ లోపం రోగి ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉంది. ఆ ప్రొటీన్ మూత్రపిండంలోనూ మెదడులోనూ కూడా కావాలి. మరి పాడయ్యేది కన్ను ఒక్కటే ఎందుకు? అదే మార్పును ఎలుకలో పెట్టి చూశారు. ఎలుక రెటీనా ఆ తప్పు అతుకును చాలా తక్కువగా చేసింది, ప్రశ్న అలాగే ఉండిపోయింది. 2016లో లండన్ శాస్త్రజ్ఞులు రోగుల కణాల నుంచి రెటీనా ఆర్గనాయిడ్లను పెంచి చూశారు. చర్మకణాల్లో తప్పు అతుకుతో పాటు సరైన అతుకు కూడా చెప్పుకోదగినంత జరుగుతోంది. రెటీనా కణాల దగ్గరికొచ్చేసరికి తప్పు పాలు బాగా ఎక్కువ. అదే లోపాన్ని తక్కిన అవయవాలు ఓర్చుకోగలుగుతున్నాయి, కన్ను ఓర్చుకోలేకపోతోంది. ఆ తప్పు అతుకును అడ్డుకునే చిన్న జన్యు ముక్కను అదే ఆర్గనాయిడ్ల మీద వేసినప్పుడు సరైన ప్రొటీన్ తిరిగి తయారైంది. ఒకే పళ్లెంలో జబ్బు కారణం తెలిసింది, మందు పనిచేసే తీరూ తెలిసింది. జంతువు చెప్పలేకపోయిన జవాబును రోగి కణం చెప్పింది.

ఇది ఒంటరి ఉదాహరణ కాదు. 2011లో అమెరికాలో, రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్న ఒక రోగిలో మాక్ అనే జన్యువులోకి వేరే ముక్క చొరబడి ఉన్నట్టు కనిపెట్టారు. అది నిజంగా రెటీనాకు చేటు చేస్తోందా లేదా అన్నది రోగి మూలకణాల నుంచి రెటీనా కణాలను పెంచాకే తేలింది. అదే ఏడాది గైరేట్ అట్రోఫీ అనే అరుదైన జబ్బున్న రోగి కణాల నుంచి రెటీనా వెనక ఉండే వర్ణక పొరను పెంచి, అందులో లోపించిన ఎంజైమ్ పనితీరు విటమిన్ బి6 ఎక్కువ మోతాదులో ఇస్తే మెరుగుపడుతుందని విస్కాన్సిన్ బృందం చూపింది. ఒక రోగికి ఒక విటమిన్ పనిచేస్తుందా అన్నది ఆ రోగి కణాన్నే అడిగి తెలుసుకోవడమన్నమాట. పైగా జన్యువులను కత్తిరించి దిద్దే క్రిస్పర్ పద్ధతి వచ్చాక ఈ విచారణ మరింత పదునెక్కింది. రోగి కణంలో ఆ ఒక్క లోపాన్ని మాత్రమే సరిదిద్ది, మిగతాదంతా అలాగే ఉంచి, దిద్దినదాన్నీ దిద్దనిదాన్నీ పక్కపక్కన పెంచవచ్చు. రెండిటి మధ్య కనిపించే తేడాకు ఆ లోపమే కారణమని అప్పుడు ధైర్యంగా చెప్పగలం.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. రెండు వందల యాభై జన్యువులకు రెండు వందల యాభై మందులు ఎప్పటికి తయారవుతాయి? చచ్చిపోయిన కణాల స్థానంలో కొత్తవి నాటితే జన్యువు ఏదైనా ఒకే వైద్యం సరిపోతుంది కదా! తర్కంగా చూస్తే ఈ మాట బలమైనదే. చూపు పూర్తిగా పోయి, దండ కణాలూ శంకు కణాలూ మిగలని రోగికి జన్యువును దిద్దినా లాభం లేదు, ఎందుకంటే దిద్దడానికి కణమే ఉండదు. వారికి నాటడం తప్ప మరో జీవకణ మార్గం లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ మార్గం ఎంతవరకు వచ్చిందో చూడాలి. 2014 సెప్టెంబరులో కోబెలో మసయో తకహాషి బృందం రోగి సొంత కణాల నుంచి పెంచిన వర్ణక పొరను కంట్లో అమర్చింది. అది వయసుతో వచ్చే మాక్యులా క్షీణతకు చేసిన చికిత్స. చూపు పెద్దగా పెరగకపోయినా కంతులేవీ రాలేదు. రెండో రోగి కోసం సిద్ధం చేసిన కణాల్లో జన్యుమార్పులు కనిపించగానే ఆ శస్త్రచికిత్సను ఆపేశారు. అలా ఆపడాన్ని నేను వైఫల్యంగా చూడను. చేయవలసిన పనే చేశారు. 2020లో కోబెలోనే రెటినైటిస్ పిగ్మెంటోసా రోగుల కంట్లో ఆర్గనాయిడ్ నుంచి తీసిన రెటీనా ముక్కలను నాటడం మొదలుపెట్టారు. ఇద్దరు రోగుల్లో ఆ ముక్కలు రెండేళ్లపాటు నిలిచాయని, తీవ్రమైన ప్రమాదమేదీ జరగలేదని 2023లో ప్రచురించారు. కణాలు బతకడం ఒకటి, పాత నాడీతంతువులతో కలిసి చూపునివ్వడం ఇంకొకటి. రెండోది ఇంకా సాధించవలసే ఉంది.

ఈ రెండిటి మధ్య దూరం ఎంతుందో చెప్పే పాఠం ఎలుకల ప్రయోగాల చరిత్రలోనే ఉంది. దాత కణాలకు మెరిసే ఆకుపచ్చ ప్రొటీన్‌ను గుర్తుగా పెట్టి ఎలుక కంట్లో వేశారు. ఆ తర్వాత ఆ కంటి రెటీనాలో ఆకుపచ్చగా మెరుస్తున్న కణాలు కనిపించడంతో, దాత కణాలు పొరలో కలిసిపోయాయని 2006 నుంచి పదేళ్లపాటు నమ్మారు. 2016లో పలు ప్రయోగశాలలు విడివిడిగా తేల్చినదేమిటంటే, చాలా సందర్భాల్లో దాత కణాలు అసలు లోపలికి వెళ్లలేదు. తమ ప్రొటీన్లను ఎలుక సొంత కణాలకు అందించాయి, ఆ సొంత కణాలే ఆకుపచ్చగా మెరిశాయి. తమ పాత ఫలితాలను తామే తిరిగి ప్రశ్నించుకున్న వారిలో ఆ తొలి ప్రయోగాలు చేసినవారూ ఉన్నారు. కణం ఎక్కడికి వెళ్లింది, ఎవరితో కలిసింది అన్నది కచ్చితంగా తేల్చుకోకుండా చూపు గురించి మాట ఇవ్వకూడదని ఇందువల్ల తెలుస్తోంది. నాటబోయే కణం ఏ వయసులో ఉండాలి, అందులో శంకు కణాలు ఎంత శాతం ఉండాలి, ప్రమాదకరమైన కణం మిగిలిందా లేదా, ఇవన్నీ పళ్లెంలోనే తేలాలి. అంటే నాటే వైద్యం కావాలనేవారికి కూడా ముందు కావలసింది ఈ విచారణే.

మరొక అభ్యంతరం చరిత్ర నుంచి వస్తుంది. వారసత్వ రెటీనా వ్యాధికి అమెరికాలో తొలిసారి ఆమోదం పొందిన జన్యు చికిత్స, 2017 డిసెంబరు నాటి లక్స్‌టర్నా, మూలకణాల ప్రమేయం లేకుండానే వచ్చింది. ఆర్‌పీఈ65 జన్యులోపంతో పుట్టిన బ్రియార్డ్ జాతి కుక్కలు దానికి దారి చూపాయి. నిజమే. అయితే అదృష్టవశాత్తూ ఆ జబ్బుకు అచ్చం మనిషిలాంటి జంతువు ప్రకృతిలోనే దొరికింది. మిగతా జన్యువుల్లో చాలావాటికి అలాంటి జంతువు లేదు. అషర్ ఎలుక సంగతి చెప్పుకున్నాం. అలాంటి జంతువు దొరకని జబ్బులవాళ్లు ఏం చేయాలన్నది ఈ అభ్యంతరం చెప్పేవారు ఆలోచించాలి.

ఇంకా సూటి విమర్శ ఏమంటే, పళ్లెం కన్ను కాదు. దీనికి సాక్ష్యం నేను పైన పొగిడిన ఉదాహరణలోనే ఉంది. ఆర్గనాయిడ్ల మీద పనిచేసిన ఆ కోవ మందు సెపోఫర్సెన్ అనే పేరుతో రోగుల దాకా వెళ్లింది. తొలి పరీక్షల్లో ఆశ కలిగించింది. 2022లో పెద్ద పరీక్షలో నిర్దేశించుకున్న ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేకపోయింది. దీన్ని దాచి మూలకణాల గొప్ప చెప్పడం న్యాయం కాదు. ఆర్గనాయిడ్‌లో రక్తనాళాలు లేవు, రోగనిరోధక కణాలు లేవు, వర్ణక పొర దండ కణాలను అంటిపెట్టుకుని ఉండవలసిన తీరులో ఉండదు. ముప్పయ్యేళ్ల వయసులో బయటపడే జబ్బును ఏడు నెలల వయసున్న కణంలో వెతుకుతున్నాం. కాబట్టి పళ్లెం ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో, దేనికి చెప్పలేదో వేరుచేసి చూడాలి. అతుకు సరైందా, ప్రొటీన్ వచ్చిందా అన్న ప్రశ్నలకు అది చక్కగా చెప్పింది. ఎన్నో ఏళ్లు చీకట్లో ఉన్న కంట్లో ఎన్ని కణాలు మిగిలాయి, ఎంత మోతాదు చాలు, మెదడు ఆ సంకేతాన్ని అందుకుంటుందా అన్నవాటికి అది సమాధానం కాదు. ఆ సీఈపీ290 లోపాన్నే క్రిస్పర్‌తో కత్తిరించే మరో చికిత్సను 2020 నుంచి పద్నాలుగు మందికి ఇచ్చి చూశారు. వారిలో పదకొండు మందికి కొలిచిన అంశాల్లో కనీసం ఒకదానిలో మెరుగుదల కనిపించిందని 2024లో ప్రచురించారు. లక్ష్యం ఒకటే, దాన్ని చేరే దారి మారింది. పళ్లెం చూపిన లక్ష్యం తప్పని ఆ 2022 వైఫల్యం రుజువు చేయలేదు.

వీటన్నిటికంటే బరువైన ప్రశ్న రోగి నుంచి వస్తుంది: మీ విచారణ పూర్తయ్యేసరికి నా చూపు ఉంటుందా? ఈ బాధకు తర్కంతో జవాబివ్వడం కష్టం. కానీ ఈ బాధనే పెట్టుబడి చేసుకుని వ్యాపారం నడిపేవారున్నారు కనుక మాట్లాడక తప్పదు. 2015లో అమెరికాలోని ఫ్లోరిడాలో, మాక్యులా క్షీణత ఉన్న ముగ్గురు మహిళలకు వారి కొవ్వు నుంచి తీసిన కణాలను మూలకణాల పేరుతో రెండు కళ్లలోనూ ఒకేసారి ఎక్కించారు. ఉన్న చూపు కూడా దారుణంగా పోయింది. 2017లో ప్రచురితమైన ఈ ఉదంతం ప్రపంచమంతటికీ తెలిసింది. తెలుగు నాట అయోమయానికి మరో కారణం కూడా ఉంది. హైదరాబాదులోని ఎల్‌వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ రెండు దశాబ్దాలకు పైగా లింబల్ మూలకణాలతో నల్లగుడ్డు పైపొరను తిరిగి పెంచే వైద్యం చేస్తోంది; సున్నం, ఆమ్లాలు పడి కన్ను పోయిన ఎందరికో దానివల్ల చూపొచ్చింది. దాన్ని సులభతరం చేసిన పద్ధతిని 2012లో అక్కడి వైద్యులే లోకానికి అందించారు. గర్వించవలసిన పని. కానీ అది కంటి ముందు భాగం. అక్కడి కణం తన పొరను తాను నిత్యం పుట్టించుకునే రకం. వెనక ఉన్న రెటీనా మెదడులో భాగం లాంటి నాడీకణజాలం. ముందు భాగంలో సాధ్యమైంది వెనక భాగంలోనూ జరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకూడదు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి, జీవసాంకేతిక విభాగం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ మూలకణాల మార్పిడిని మినహాయిస్తే, ఆమోదిత క్లినికల్ ట్రయల్ బయట మూలకణ చికిత్స చేయకూడదు. ట్రయల్‌లో చేరినందుకు రోగి దగ్గర డబ్బు గుంజేవారు కనబడితే అది ట్రయల్ కాదని అనుమానించాలి.

చివరగా ఖర్చు గురించి, మన గురించి. లక్స్‌టర్నాకు రెండు కళ్లకు కలిపి నిర్ణయించిన ధర ఎనిమిదిన్నర లక్షల డాలర్లు. పైన చెప్పిన క్రిస్పర్ చికిత్స పరీక్షల్లో కొత్త రోగులను చేర్చుకోవడాన్ని ఆ కంపెనీ 2022లో ఆపేసింది, అమెరికాలో అర్హులైన రోగులు కొన్ని వందల మందే ఉన్నారన్నది చెప్పిన కారణం. సంపన్న దేశమే లెక్క చూసుకుని వెనక్కి తగ్గితే, మనకెందుకీ పని అని అడగవచ్చు. నా ఉద్దేశంలో మనకు అవసరం ఎక్కువ కావడానికి కారణమే అది. యూరప్ సంతతిలో తరచుగా కనిపించే ఆ సీఈపీ290 మార్పు ఆసియా జనాభాల్లో అరుదు. రొడాప్సిన్ అనే జన్యువులో అమెరికాలో తొలిసారి గుర్తించిన ప్రసిద్ధ లోపం ఇతర ఖండాల్లో దాదాపు కనబడదు. వాళ్ల లోపాలకు వాళ్లు మందులు కనిపెడతారు, మన లోపాలకు మన కుటుంబాల రక్తం నుంచి మనమే వెతకాలి. మేనరికం జరిగిన కుటుంబంలో జబ్బున్న బిడ్డకు చాలాసార్లు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే లోపం వస్తుంది. దీనివల్ల కారణమైన జన్యువును గుర్తించడం సులువవుతుంది, దిద్దవలసింది కూడా ఒకే లోపం అవుతుంది. ఆ కుటుంబాలను తప్పుపట్టడానికి ఈ మాట వాడడం అన్యాయం. వారికి నిజంగా అందవలసింది జన్యు పరీక్ష, సలహా. హైదరాబాదులో జన్యు పరిశోధన, ఆర్గనాయిడ్ల పెంపకం రెండూ ఇప్పటికే జరుగుతున్నాయి. లేనిదల్లా జిల్లా స్థాయిలో రేచీకటితో వచ్చిన బిడ్డకు విటమిన్ చుక్కలతో ఆగకుండా రెటీనా పరీక్ష, జన్యు పరీక్ష చేయించే ఏర్పాటు, ఆ ఫలితాలను రోగుల మూలకణాలను భద్రపరిచే కణ నిధికి కలిపే దారి.

అలాంటి కణ నిధిని ప్రభుత్వ సాయంతో నడపవచ్చు. కానీ మొదలుపెట్టేముందే కొన్ని షరతులు రాసుకోవాలి. రోగి ఇచ్చే రక్తం నుంచి పుట్టే మూలకణం ఎంతకాలమైనా బతుకుతుంది, ఏ దేశానికైనా పోగలదు. అందుచేత అంగీకార పత్రం ఆ కుటుంబం చదువుకోగల తెలుగులో ఉండాలి. కణాన్ని కంపెనీకి ఇచ్చేటప్పుడు ఆ సంగతి వారికి తెలియాలి. వద్దనుకుంటే తప్పుకునే హక్కు ఉండాలి. వారి జన్యువు గురించి తెలిసింది ముందు వారికే చెప్పాలి, మరో బిడ్డ కావాలనుకునే దంపతులకు అది వెంటనే పనికొచ్చే సమాచారం. ఆ కణాలపై తేలిన మందు ఏనాడైనా మార్కెట్‌కు వస్తే, ఆ రక్తం ఇచ్చిన ప్రాంతాల్లో దాన్ని ఏ ధరకు ఇస్తారన్నది కణం చేతులు మారకముందే ఒప్పందంలో ఉండాలి.